ధరలు పోల్చే ముందు తూకం కలవాలి: విశాఖ నుంచి వేరే ఊరి ఖర్చు లెక్కగట్టే పద్ధతి

విశాఖలో నెలకు అయ్యే సరుకుల ఖర్చు హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో ఎంతవుతుందో తేలాలంటే ఫోన్లో 'అక్కడ కందిపప్పు ఎంత?' అని అడిగితే చాలదు. రెండు ధరలూ ఒకే రకానివి, ఒకే తూకానివి, ఒకే వారంవి, ఒకే తరహా కొట్టువి అయి ఉండాలి. వీటిలో ఒకటి తప్పినా లెక్క మొత్తం తప్పుతుంది.

మొదట మీ ఇంటి చిట్టా తీయండి. గత రెండు నెలల కిరాణా బిల్లులు ముందు పెట్టుకుని, ఎక్కువ డబ్బు పోయే పన్నెండు పదిహేను సరుకులు ఎంచి, ప్రతిదాని ఎదురుగా నెల వాడకం రాయండి: బియ్యం 26 కేజీలు, కందిపప్పు 3 కేజీలు, నూనె 4 లీటర్లు, పాలు 30 లీటర్లు, ఇలా. రెండు ఊళ్లకూ ఇవే పరిమాణాలు వాడాలి. ఏలకులు రెట్టింపు ధర పలికినా నెల ఖర్చు కదలదు. పాలు లీటరుకు రెండు రూపాయలు పెరిగితే మాత్రం అరవై రూపాయలు అదనం. కాబట్టి ధరను ధరతో పోల్చి ఊరుకోకుండా, ధరను వాడకంతో గుణించాకే పోల్చండి.

ఎక్కువమంది పొరబడేది తూకం దగ్గరే. 2022 జూలై 18 నుంచి 25 కేజీలు, అంతకు తక్కువ ఉన్న ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. అప్పటినుంచి కొట్లలో 26 కేజీల బస్తాలు కనిపిస్తున్నాయి. 25 కేజీల బస్తా 1400, 26 కేజీల బస్తా 1440 అనుకోండి. మొదటిది కేజీ 56 రూపాయలు, రెండోది 55.38. ఖరీదెక్కువనిపించిన బస్తాయే చవక. నూనె ప్యాకెట్లలో లీటరువీ ఉంటాయి, 850 గ్రాములవీ ఉంటాయి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లీటరు 150కి, 850 గ్రాముల ప్యాకెట్ 142కి దొరికితే, వంద గ్రాములకు మొదటిది 16.48, రెండోది 16.71. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో యూనిట్ సేల్ ప్రైస్, అంటే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో, ఉంటే ఈ భాగహారం అక్కర్లేదు.

తర్వాత రకం చూడాలి. సోనా మసూరి అన్న ఒక్క పేరు చాలదు, పాత బియ్యమో కొత్త బియ్యమో అడగాలి. ఒడిశాలో ఉప్పుడు బియ్యం ఎక్కువ తింటారు. అక్కడ బియ్యం చవకని ఎవరైనా చెబితే ఏ బియ్యమో ముందు కనుక్కోండి. పాలకు టోన్డా, ఫుల్ క్రీమా అన్నది రాసుకోవాలి; వెన్న శాతం మొదటిదాంట్లో 3, రెండోదాంట్లో 6. చికెన్ బోర్డు మీద లైవ్, స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు ధరలుంటాయి, ఒక ఊరి లైవ్‌ను ఇంకో ఊరి స్కిన్‌లెస్‌తో పోల్చకూడదు. చేపలూ అంతే: హార్బర్ దగ్గర చెప్పేది నిండు చేప ధర, శుభ్రం చేసి ముక్కలు కోశాక తూకం బాగా తగ్గుతుంది.

కూరగాయలకు విశాఖలో నమ్మదగిన కొలబద్ద రైతు బజారు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, ఎక్కడైనా ఉదయం ధరల పట్టిక రాసి పెడతారు, దాన్ని ఫోటో తీసుకోండి. హైదరాబాద్ ధర కూడా రైతు బజారుదే తీసుకోవాలి, సూపర్ మార్కెట్‌ది కాదు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఆగ్‌మార్క్‌నెట్‌లో కనిపించేవి మార్కెట్ యార్డుల టోకు ధరలు, క్వింటాలుకు ఇస్తారు. వందతో భాగిస్తే కేజీ ధర వస్తుంది గానీ, అది మీ చేతికొచ్చే ధర కాదు, దాన్ని టోకుతోనే పోల్చాలి. చిల్లర ధరలు కావాలంటే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఊళ్లవారీగా రోజూ పెట్టే పట్టిక చూడండి. గుడ్లకు నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) రోజూ ప్రకటించే జాబితాలో వైజాగ్‌కు విడిగా ధర ఉంటుంది, అది వంద గుడ్లకు.

ఒక్కరోజు ధరతో తీర్పు చెప్పొద్దు. మూడు వారాల పాటు ఒకే వారం రోజున రాసుకుని మధ్యలో ఉన్న అంకె తీసుకోండి. తుఫాను వచ్చిన వారం, పండుగ ముందు రోజులు వదిలేయాలి. కార్తీకంలో చికెన్ ధర చూసి ఏడాదంతా అంతేననుకుంటే పొరపాటే.

పెట్రోలు, డీజిలు లెక్క వేరు. ప్యాకెట్ సరుకులకు జీఎస్టీ దేశమంతా ఒకటే, తేడా రవాణాలోనూ కొట్టువాడి లాభంలోనూ వస్తుంది. పెట్రోలు జీఎస్టీ బయట ఉంది, దానిమీద ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వ్యాట్ అనే సొంత పన్ను వేస్తుంది, అందుకే రాష్ట్రం దాటితే ధర మారుతుంది. మన ఊళ్లోనే రిఫైనరీ ఉన్నా బంకు ధర తగ్గకపోవడానికి కారణం ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు, డీజిలుకైతే 22.25 శాతం, పైన అవే అయిదు రూపాయలు. తెలంగాణలో 35.2, 27 శాతం. ఒడిశాలో 28, 24. శాతాలే చూస్తే హైదరాబాద్ పెట్రోలు ఖరీదనిపిస్తుంది. లీటరుకు పడే అయిదు రూపాయలూ కలిపితే మనదే ఎక్కువ. శాతం మీద ఆగిపోకుండా, చివరికి బంకు బోర్డు మీది అంకెనే రాసుకోండి.

ధర రోజూ ఉదయం ఆరుకు మారవచ్చు కాబట్టి రెండు ఊళ్లవీ ఒకే తేదీవి ఉండాలి. 2017 మే 1న ఈ రోజువారీ పద్ధతిని ప్రయోగంగా మొదలుపెట్టిన ఐదు ఊళ్లలో విశాఖ ఒకటి. జూన్ 16 నుంచి దేశమంతా వచ్చింది. సాధారణ పెట్రోలును ప్రీమియం పెట్రోలుతో పోల్చకండి. గ్యాస్‌కు 14.2 కేజీల ఇంటి సిలిండర్ ధరే తీసుకోండి, 19 కేజీలది హోటళ్లది.

ఇచ్ఛాపురం దాటాక ఒడిశాలోనో, యానాంలోనో ట్యాంకు నింపుకుంటే లాభమేనని చాలామంది అనుకుంటారు. ఆ దారిన ఎలాగూ వెళ్తుంటే లాభమే. పనిగట్టుకుని వెళ్తే లెక్క వేయండి. లీటరుకు 5 రూపాయల తేడా, 30 లీటర్లు పోయిస్తే 150 మిగులు. అందుకోసం రానూపోనూ 20 కిలోమీటర్లు అదనంగా తిరిగితే, లీటరుకు 15 ఇచ్చే కారు 1.33 లీటర్లు తాగుతుంది. లీటరు 105 చొప్పున అది 140 రూపాయలు. చేతిలో మిగిలేది పది.