అద్దె ఇంటికి రిపేర్లు, 3వ పాఠం: ముందు శ్లాబు, తర్వాతే రంగులు

పోయిన పాఠంలో ఇల్లంతా తిరిగి పాడైనవన్నీ కాగితం మీద రాసుకోమన్నాను కదా, అది తీసి పక్కన పెట్టుకోండి, ఇవాళ అందులో దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని కొట్టేయాలి అనేది చూద్దాం. ఉదాహరణకి వైజాగ్‌లో స్టీల్ ప్లాంటు దగ్గర కూర్మన్నపాలెంలో రెండు గదుల పాత డాబా, పైన ఇంకో అంతస్తు లేదు, అద్దె 9 వేలు అనుకోండి.

లెక్క సింపుల్. పనికయ్యే ఖర్చుని దానివల్ల నెలకి పెరిగే అద్దెతో భాగించండి, ఎన్ని నెలల్లో డబ్బు వెనక్కొస్తుందో తెలిసిపోతుంది. బాత్రూంలో వెస్ట్రన్ కమోడ్, గీజర్ పాయింట్ కలిపి 18 వేలయ్యి అద్దె వెయ్యి పెరిగితే 18 నెలలు, చేయించేయొచ్చు. అదే మాడ్యులర్ కిచెన్‌కి లక్షన్నర పోసి అద్దె 1500 పెరిగితే 100 నెలలు, అంటే ఎనిమిదేళ్లు పైమాటే, ఈలోగా మన వైజాగ్ తేమకి పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుతో చేసే అట్ట) ఉబ్బిపోయి తలుపులు వేలాడతాయి. గ్రానైట్ గట్టు, కింద కడప రాయి అరలు, అంతే చాలు.

కానీ శ్లాబు ఈ లెక్కకి లొంగదు. కారడం ఆపించారని ఎవరూ మీకు అద్దె పెంచి ఇవ్వరు, ఆపించకపోతే మాత్రం వానాకాలంలో చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తారు, రెండు నెలలు తాళం పడితే 18 వేలు పోయినట్టే. అందుకే దీన్ని లిస్టులో మొదట రాయండి.

శ్లాబు లోపల పాడైందేమో ఎలా చూడాలంటే, స్టూలెక్కి సుత్తి కర్ర వైపుతో సీలింగ్ మీద అడుగుకోసారి మెల్లగా కొట్టండి. గట్టి చోట టక్ మంటుంది, డొల్ల చోట బోలుగా మోగుతుంది, అక్కడ చాక్‌పీస్‌తో గుండ్రంగా గీసేయండి. సముద్రపు ఉప్పు, తేమ కాంక్రీట్లోకి దిగి లోపలి ఇనప ఊచకి తుప్పు పట్టిస్తాయి, తుప్పు పట్టిన ఊచ ఉబ్బి లోపల్నుంచి నెట్టేసరికి పెచ్చు ఊడుతుంది. మేస్త్రీ సిమెంటు మెత్తి పుట్టీ పెట్టేస్తానంటే ఒప్పుకోకండి, మళ్లీ అదే చోట ఊడుతుంది. వదులుదంతా కొట్టించి, వైర్ బ్రష్‌తో ఊచ మెరిసేదాకా రుద్దించి, తుప్పు ఆపే ప్రైమర్ కొట్టించి, పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు ముద్ద) పూడ్పించాలి. ఊచ బాగా సన్నబడిపోయుంటే మాత్రం మేస్త్రీ కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి.

పైన డాబా మీద వాలు సరిగ్గా ఉందా, నీళ్లు పోయే గొట్టంలో ఆకులు ఇరుక్కున్నాయా చూసి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్. ఇదంతా ఏప్రిల్, మే నెలల్లోనే అయిపోవాలి, ఇక్కడ అసలు భయం అక్టోబరు, నవంబరు తుపాన్లది, హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12నే కదా.

డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్, అంటే ఎండని వెనక్కి కొట్టే రంగు, నా లెక్కలో రెండో నంబరు. స్టీల్ ప్లాంటు వైపు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకునే వాళ్లుంటారు, మధ్యాహ్నం గది కాస్త చల్లగా ఉంటే వాళ్లు తొందరగా ఇల్లు మారరు.

గోడకి చెమ్మ ఉంటే రంగుల జోలికి పోకండి. ఒక పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రెండు రోజులు ఉంచండి, లోపలి వైపు చెమట పడితే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి, పైపు లీకో పక్క బాత్రూమో ముందు వెతకాలి. బయటి వైపే పడితే అది గదిలో గాలి తేమ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చాలావరకు సరిపోతుంది.

ట్యాక్స్ సంగతి ఒక్క ముక్క. అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను తీసేశాక 30 శాతం మినహాయింపు ఎలాగూ వస్తుంది, మీరు రిపేర్లకి రూపాయి పెట్టినా లక్ష పెట్టినా అంతే, కాబట్టి ట్యాక్స్ కలిసొస్తుందని ఎవరైనా అంటే నమ్మి ఎక్కువ పెట్టకండి.

ఈ వారం హోంవర్క్: మీ కాగితంలో ప్రతి పని పక్కన ఖర్చు, పెరిగే అద్దె, నెలలు రాయండి. 36 నెలలు దాటినవి కొట్టేయండి, శ్లాబు, కూల్ రూఫ్, నీళ్లవి, కరెంటువి తప్ప. నాలుగో పాఠంలో మేస్త్రీతో కూలి, మెటీరియల్ విడివిడిగా ఎలా మాట్లాడాలో చూద్దాం.