కవలలకు పాల సామాను: కాన్పుకు ముందు ఎంత కొనాలి, ఏది ఆపాలి

స్కానింగులో ఇద్దరని తేలగానే ఇంట్లో మొదలయ్యే లెక్క ఒకటుంది. ఒక్కరికి ఆరు సీసాలైతే ఇద్దరికీ డజను, ఒకరికి రెండు డబ్బాల పాలపొడి అయితే ఇద్దరికీ నాలుగు. ఈ లెక్క తప్పు. ఎన్ని సీసాలు కావాలన్నది రోజుకు ఎన్నిసార్లు సీసా పడతారో, ఎన్నిసార్లు కడిగి మరిగిస్తారో వాటినిబట్టి తేలుతుంది, పిల్లల సంఖ్యను మాత్రమే చూసి కాదు.

అసలు సీసాలే అక్కర్లేకపోవచ్చు కూడా. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. కొన్నాళ్లు ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉంటే ట్యూబుతోనో, ఉగ్గుగిన్నెతోనో పాలు పడతారు. ఒక బిడ్డ రొమ్ము చక్కగా అందుకుని రెండో బిడ్డ అందుకోకపోవచ్చు. అందుకని కాన్పుకు ముందు, ఎటు తిరిగినా పనికొచ్చేవే తెచ్చుకోవాలి: నాలుగు స్టీలు ఉగ్గుగిన్నెలు, నాలుగు చిన్న సీసాలు, సీసాలు కడిగే బ్రష్షు, మరిగించడానికి మూతున్న పెద్ద గిన్నె, ఓ ఇరవై మెత్తటి పాత నూలు గుడ్డలు. అంతే. సీసాల పెట్టెలు విప్పకండి, బిల్లు దాచండి.

ఉగ్గుగిన్నె దగ్గర కాస్త ఆగాలి. అమ్మమ్మలు వస, ఆముదం పట్టడానికి వాడిన గిన్నే ఇది. ఆ రెండూ ఇప్పుడు పట్టకూడదు గానీ, గిన్నె మాత్రం బరువు తక్కువ పిల్లలకు సీసా కన్నా మేలు. బిడ్డ తల ఎత్తుగా ఉండేలా ఒళ్లో పెట్టుకుని, గిన్నె ముక్కు పెదవి మూలకు ఆనించి కొద్దికొద్దిగా వంచాలి. బిడ్డ మింగేదాకా ఆగి మళ్లీ వంచాలి. తొందరపడి గొంతులో పోస్తే పొలమారుతుంది. ఇబ్బంది వచ్చేది ఆ ముక్కు లోపలే. పాల జిడ్డు అక్కడ ఎండి పొరలా అంటుకుంటుంది, వేలు దూరదు. తాగించిన వెంటనే నీళ్లతో తొలిచి, సన్నటి బ్రష్షుతో రుద్దాలి. అతుకుల్లేని నున్నటి స్టీలుదే కొనండి. బారసాలకు వచ్చే నగిషీల వెండి గిన్నెలో చెక్కుడు సందుల్లో పాలు నిలుస్తాయి, దాన్ని ఫొటోలకు ఉంచండి.

ఇక సీసాల లెక్క. పుట్టిన పిల్లలు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతారు. తల్లిపాలే ప్రధానమై, ఒక్కొక్కరికి రోజుకు మూడుసార్లు మాత్రమే సీసా అనుకుందాం. ఇద్దరికీ కలిపి ఆరు. రోజుకు రెండుసార్లు మరిగిస్తే మధ్యలో మూడు సీసాలు వాడతారు, ఒకటి అదనం. నాలుగు చాలు. పూర్తిగా సీసా మీదే ఉంటే రోజుకు పదహారు. మూడుసార్లు మరిగిస్తే విడతకు ఐదారు, రెండు అదనం, వెరసి ఎనిమిది. ఇరవై నాలుగు సీసాల సెట్టు ఏ లెక్కలోనూ పట్టదు. అన్నీ ఒకే రకంవి తీసుకోండి. లేకపోతే రాత్రి రెండింటికి ఈ మూత ఆ సీసాకు పట్టదు. ప్లాస్టిక్ సీసా మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 14625 అంకె ఉన్నాయో లేదో చూడండి. 120–150 మి.లీ. సైజే మేలు. మొదటి రోజు ఒక్కోసారికి 5–7 మి.లీ. తాగుతారు, వారం చివరికి 45–60 మి.లీ. వస్తుంది. పెద్ద సీసా అడుగున ఆ కాసిని పాలు కొలవడం కష్టం. పాలపీకలు నెమ్మదిగా కారేవే కావాలి, అవి కూడా సీసాతో వచ్చినవి చాలు.

పాలపొడి ముందుగా నిల్వ చేయకండి. నెలలు నిండని పిల్లలకు డాక్టరు వేరే రకం రాయొచ్చు. అప్పుడు మీ డబ్బాలు వృథా. విప్పిన ప్యాకెట్టు కూడా సుమారు నెలలోపే వాడేయాలి. 100 మి.లీ. పాలకు సుమారు 13–14 గ్రాముల పొడి పడుతుంది, అంటే 400 గ్రాముల ప్యాకెట్టుకు దాదాపు మూడు లీటర్లు. మూడు కిలోల బిడ్డకు రోజుకు కిలోకు 150 మి.లీ. చొప్పున 450 మి.లీ. వేసుకుంటే, ఇద్దరికీ కలిపి మూడు రోజులకు పైగా వస్తుంది. పూర్తిగా పొడి మీదే ఆధారపడాల్సి వస్తే వారానికి రెండు మూడు ప్యాకెట్లు. మందుల షాపు పక్కనే ఉంటే ఒకటి, పల్లెలో ఉంటే వారానికి సరిపడా, అదీ డాక్టరు పేరు రాశాకే. ఇంకో మాట: పాలపొడికీ, పాల సీసాలకూ ప్రకటనలు, డిస్కౌంట్లు, ఉచిత శాంపిళ్లు 1992 చట్టం ప్రకారం మన దేశంలో నిషిద్ధం. ఒకటి కొంటే ఒకటి అని ఎవరైనా ఆశపెడితే, ఆ ఆఫరే చట్టవిరుద్ధం.

బ్రెస్ట్ పంపు ముందుగా కొనాలన్న తొందర చాలామందికి ఉంటుంది. రొమ్ముకు ఆనించే గరాటు 21, 24, 28 మి.మీ. ఇలా సైజుల్లో వస్తుంది. సరిపోని సైజైతే చనుమొన నొప్పెడుతుంది, పాలూ సరిగా రావు. కాన్పయ్యాక కొలత మారొచ్చు కూడా. పిల్లలు ఎన్‌ఐసీయూలో ఉంటే కాన్పయిన కొన్ని గంటల్లోనే పాలు పిండడం మొదలుపెట్టాలి. ముర్రుపాలు చేత్తో పిండి చెంచాలోకి తీయడమే తేలిక. ఈలోపు పంపు తెప్పించుకోవచ్చు. కనుక ఇప్పుడు చేయాల్సిన పని, రెండు వైపులా ఒకేసారి లాగే ఎలక్ట్రిక్ పంపు ఎక్కడ దొరుకుతుందో, అద్దెకు ఇస్తారేమో కనుక్కుని ఉంచడం. పాలు దాచే సంచులు వంద అక్కర్లేదు, ముప్పై చాలు. ఇద్దరు తాగే ఇంట్లో పిండిన పాలు చాలావరకు ఆ రోజుకారోజే అయిపోతాయి.

స్టెరిలైజర్, పాలు వేడిచేసే యంత్రం, కవలల దిండు కొనకండి. సీసాలో గాలి లేకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పది నిమిషాలు మరిగిస్తే చాలు. పాలు వెచ్చబెట్టడానికి గిన్నెలో వేడినీళ్లు, ఒడికి ఇంట్లోని తలగడలు సరిపోతాయి. ఉగ్గుకు గిన్నెలు, చెంచాలు, ఎత్తు కుర్చీలు ఆరు నెలల తర్వాతి మాట. నెలలు నిండకుండా పుడితే ఆ వయసు ఎప్పట్నుంచి లెక్కించాలో డాక్టరే చెబుతారు.

పుట్టింట్లో పురుడు పోసుకునేవాళ్లకు మరో చిక్కు. అత్తింటివాళ్లు ఒక సెట్టు, పుట్టింటివాళ్లు ఒక సెట్టు కొనేస్తారు. సామానంతా ఒకే సంచిలో, పిల్లలెక్కడుంటే అక్కడికే. సీమంతానికి ఏం తెమ్మంటారని అడిగేవాళ్లకు డైపర్లు చెప్పండి, సీసాలు వద్దనండి.

అసలు కొనుగోలు పిల్లలు ఇంటికొచ్చిన వారానికి. మూడు రోజులు ఓ కాగితం మీద గీతలు గీయండి, ఎవరు ఎన్నిసార్లు, సీసాతోనా గిన్నెతోనా అని. సీసాతో పట్టినవాటి రోజు సగటును మీరు మరిగించే విడతలతో భాగించి, ఒకటో రెండో కలపండి. ఇంట్లో ఉన్నవి అందులోంచి తీసేస్తే మిగిలిన అంకె ఎంతో, అన్నే తెప్పించండి.