బయాప్సీ రిపోర్టుకీ మొదటి కీమోకీ మధ్య

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలిన రోజుకీ, ఆపరేషనో కీమోనో మొదలయ్యే రోజుకీ మధ్య కొన్ని వారాలు పడతాయి. గడ్డ ఏ రకందో, ఏ మందుకి లొంగుతుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్-2 పరీక్షల రిపోర్టు రావాలి, స్కానింగులు కావాలి, ఆరోగ్యశ్రీలో అయితే అప్రూవల్ రావాలి. చాలామంది ఆడవాళ్ళు మానసికంగా బాగా దెబ్బతినేది ఈ రోజుల్లోనే. వైద్యం మొదలయ్యాక ఫలానా తేదీకి ఫలానా పని అని ఉంటుంది, ఇప్పుడేమో చేతిలో ఏ పనీ ఉండదు. మీ అమ్మకో, అక్కకో, భార్యకో ఇలా తేలితే, ఆమె మనసు గురించిన జాగ్రత్త కీమో దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.

మన ఇళ్ళలో అందరికంటే ముందు జరిగే పని రిపోర్టు దాచడం. కొడుకో భర్తో ముందుగా డాక్టర్ గదిలోకి వెళ్ళి "ఆవిడకి చెప్పకండి సార్, తట్టుకోలేదు" అంటారు. ఫైలు బీరువా పైకెక్కుతుంది. ఆవిడకి మాత్రం "చిన్న గడ్డే, తీసేస్తే అయిపోతుంది" అని చెప్తారు. తీరా ఆస్పత్రికి వెళ్తే, తలకి స్కార్ఫు కట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ "మీకిది ఎన్నో కీమో అండీ?" అని మామూలుగా అడిగేస్తుంది. అలా తెలిస్తే జబ్బు భయం ఒకటీ, ఇంకా ఏమేం దాచారోనన్న అనుమానం ఒకటీ. ఆ తర్వాత "ఏం ఫర్వాలేదు" అని మీరు నిజంగానే చెప్పినా ఆమె నమ్మదు. పైగా ఆపరేషన్‌కి సంతకం పెట్టాల్సింది ఆవిడే కదా! అందుకని చెప్పేయండి. అంతా ఒక్కసారే చెప్పనక్కర్లేదు. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ఆమెనే అడిగి, అంతవరకు చెప్పమని డాక్టర్‌ని కోరండి. ఆ కంగారులో విన్నది సగం కూడా గుర్తుండదు కాబట్టి పక్కనున్నవాళ్ళు కాగితం మీద రాసుకోవాలి.

ఇంకో భయం "రోజురోజుకీ లోపల పాకిపోతోందేమో" అన్నది. పరీక్షలకి రెండు మూడు వారాలు పట్టడం మామూలే, సాధారణంగా ఆ కాస్త వ్యవధిలో పరిస్థితి చేయి దాటిపోదు. ఈ మాట మీరు చెప్పేకంటే డాక్టర్ నోట చెప్పించడం మంచిది. నాటు మందులని నెలలు గడిపేస్తే మాత్రం నిజంగానే ప్రమాదం.

పరామర్శకు వచ్చేవాళ్ళతో జాగ్రత్త. బత్తాయిలు చేతిలో పెడుతూనే "మా ఆడపడుచుకీ ఇదేనమ్మా, ఆరు నెలలు కూడా ఉండలేదు" అనేవాళ్ళు ప్రతి చుట్టరికంలోనూ ఉంటారు. వాళ్ళని గుమ్మం దగ్గరే ఆపే మనిషి ఇంట్లో ఒకరుండాలి, మొహమాటపడితే కుదరదు. ఎవరికి చెప్పాలో, ఎవరికి వద్దో ఆమే నిర్ణయించుకోవాలి. ఇది అంటువ్యాధి కాదు, కంచం విడిగా పెట్టనక్కర్లేదు. కూతురి సంబంధాలు చెడతాయని కుమిలిపోయే తల్లులున్నారు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. "దిగులు పెట్టుకునే తెచ్చుకున్నావు" అని ఎవరైనా అంటే అక్కడే ఖండించండి. "ధైర్యంగా ఉండు" అని పొద్దస్తమానం అనడం కూడా తగ్గించండి, ఆ మాట వింటూ ఆమె బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడవాల్సి వస్తుంది.

మొదటి కొద్ది రోజులు ఏడుపు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం సహజం. అదే రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, మనుషుల్ని తప్పించుకుంటుంటే, ఆస్పత్రికి రానంటుంటే డాక్టర్‌కి చెప్పాలి. క్యాన్సర్ ఆస్పత్రుల్లో వాడే ఒక చిన్న పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది: "ఈ వారం నీ బాధ సున్నా నుంచి పదిలో ఎంత?" అని అడగండి. నాలుగు, ఆపైన చెప్తే కౌన్సెలర్‌నో సైకియాట్రిస్టునో కలవాలి.

"నేను పోతే మీకు అప్పులన్నా మిగలవు" లాంటి మాటని మాత్రం విసుగులో అన్నదని వదిలేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. పురుగుమందు, ఎక్కువగా నిల్వ ఉన్న మాత్రలు ఇంట్లోంచి తీసేసి, ఆమెను ఒంటరిగా వదలకండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకి రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 108.

మందుల సంగతి కూడా ముందే తెలుసుకుని ఉండాలి. కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం, చిరాకు ఉండొచ్చు. దాని మాత్రలు ఇంటికి రాసిస్తే పొద్దున్నే వేసుకోవచ్చా అని అడగండి. ఇదివరకే డిప్రెషన్‌కి మందులు వాడుతుంటే సొంతంగా ఆపకూడదు. అయితే ఫ్లూయోక్సెటీన్, పారోక్సెటీన్ వంటివి రొమ్ము క్యాన్సర్‌కి తర్వాత ఇచ్చే టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర పనిని తగ్గించవచ్చు. వాటికి బదులు వేరేవి ఉన్నాయి. అందుకే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు క్యాన్సర్ ఫైలు, క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సైకియాట్రిస్టు చీటీ తప్పకుండా వెంట పెట్టుకోండి.