విదేశీ పోటీకి బయల్దేరే ముందు: మందుల జాగ్రత్తలు

కొండవెలగాడ, ఆమదాలవలస వెయిట్‌లిఫ్టర్లూ, బెల్టు, బూట్లు సర్దుకోవడం తర్వాత. ముందు మందుల సంచి చూసుకోండి.

- ‘వాడా’ (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) కొత్త నిషేధిత మందుల జాబితా ఏటా జనవరి 1 నుంచి అమలవుతుంది. పాత ప్రింటు పారేయండి.
- జలుబు మాత్రలో సూడోఎఫెడ్రిన్ ఉందా? పోటీకి కనీసం 24 గంటల ముందే ఆపేయాలి. మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే కేసే. డాక్టరు చీటీ ఒక్కటే చూపిస్తే చెల్లదు, టీయూఈ (చికిత్స కోసం నిషేధిత మందు వాడేందుకు ఇచ్చే మినహాయింపు) అనుమతి కావాలి. దానికోసం పోటీకి 30 రోజుల ముందే దరఖాస్తు చేయండి.
- ప్రొటీన్ డబ్బా మానేస్తేనే మేలు. నిషేధిత మందు కల్తీ అయిన సంగతి లేబుల్ మీద రాయరు కదా! తప్పదంటే బిల్లు, బ్యాచ్ నంబరు దాచండి.
- డోపింగ్ పరీక్షలో మూత్రం నమూనాకు 90 మి.లీ. కావాలి. కంగారుపడి నీళ్లు తెగ తాగితే మూత్రం పలచబడి మళ్లీ ఇవ్వాల్సొస్తుంది. నమూనా పోసే ఏ, బీ సీసాల కిట్ మీరే ఎంచుకోండి, సీసా నంబర్లు పరీక్ష ఫారంతో సరిచూడండి. గత 7 రోజుల్లో మింగిన ప్రతి మాత్రా ఆ ఫారంలో రాయండి.