సెలవుల్లో పిల్లలతో పాంగ్ గేమ్ చేయించడం ఎలా

మే నెలలో కడప ఎండకు పదకొండు దాటితే పిల్లల్ని బయటికి పంపలేం. ఏడు రోడ్ల దగ్గర నాకో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. గేమ్స్ చేయడం నేర్పమని వచ్చే ప్రతి పిల్లాడితో, పిల్లతో ముందు పాంగే చేయిస్తాను. టేబుల్ టెన్నిస్‌లాంటి పాత వీడియో గేమ్ అది. రెండు గీతలు, ఒక చుక్క, అంతే. ఆట ఎక్కడ పుడుతుందో అందులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

పాత డెస్క్‌టాప్ ఉన్నా చాలు. స్క్రాచ్ అని, బ్లాకులు పేర్చి పిల్లలు ప్రోగ్రామ్‌లు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఉచితం. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. స్క్రీన్ నల్లగా పెట్టి, ఎడమవైపు ఎక్స్ (స్క్రీన్ మధ్య నుంచి అడ్డంగా కొలత) -200 దగ్గర ఒక బ్యాటు, కుడివైపు 200 దగ్గర ఇంకొకటి గీయించండి. ఎత్తు 80, వెడల్పు 10. బంతి చిన్న చతురస్రం; దాని రొటేషన్ ఆపేయండి, లేకపోతే గిరగిరా తిరుగుతుంది. ఎడమ బ్యాటుకు డబ్ల్యూ, ఎస్ కీలు, కుడి బ్యాటుకు పైకీ కిందికీ ఉండే బాణాలు.

ఇక బంతి బ్యాటుకు తగిలినప్పుడు ఏం జరగాలి? తొందరపడి మీరే చెప్పకండి, పిల్లల్నే అడగండి. వచ్చిన దారినే వెనక్కి పంపిస్తామంటారు. పంపించనివ్వండి. రెండు నిమిషాల్లో వాళ్లకే విసుగొస్తుంది. అప్పుడు 1972 సంగతి చెప్పండి. నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అమెరికాలో అటారీ కంపెనీ పెట్టిన కొత్తలో, అప్పుడే చేరిన ఇంజనీరు అలన్ ఆల్కార్న్‌కు చేయి తిరగడానికని ఇచ్చిన పని ఈ పాంగ్. అందులో ప్రోగ్రామ్ లేదు, ప్రాసెసర్ లేదు, అంతా చిప్పులతో అల్లిన సర్క్యూట్. ఆల్కార్న్ బ్యాటును ఎనిమిది ముక్కలుగా విడగొట్టాడు. నడిమికి తగిలితే బంతి నేరుగా పోతుంది, చివరలకు తగిలేకొద్దీ ఏటవాలుగా పోతుంది. క్యారమ్స్‌లో స్ట్రైకర్ కాయిన్‌కు ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యం కదా, ఇదీ అంతే. ఆట పుట్టింది ఇక్కడే.

స్క్రాచ్‌లో దీనికి ఒక లెక్క చాలు. బంతి వై (నిలువు కొలత) నుంచి బ్యాటు వై తీసేయండి. ఎడమ బ్యాటుకు తగిలితే బంతి డైరెక్షన్ 90లోంచి (90 అంటే నేరుగా కుడికి, -90 అంటే ఎడమకి) ఆ తేడా తీసేసినంత. కుడి బ్యాటుకైతే -90కి ఆ తేడా కలిపినంత. వెంటనే బంతిని 20 అడుగులు ముందుకు జరపండి, లేకపోతే బ్యాటుకు అతుక్కుని వణుకుతుంది. తగిలినప్పుడల్లా వేగం కొంచెం పెంచండి. ఆల్కార్న్ ఆటలోనూ పాయింటు పోకుండా బంతి అటూ ఇటూ సాగేకొద్దీ బంతి వేగం పెరిగేది.

ఇంకో ముచ్చట. సర్క్యూట్‌లో లోపం వల్ల అసలు పాంగ్‌లో బ్యాటు స్క్రీన్ పైఅంచు దాకా వెళ్లేది కాదు. ఆల్కార్న్ దాన్ని అలాగే ఉంచేశాడు, ఎందుకంటే బాగా ఆడేవాళ్లకు కూడా పాయింటు పోయే సందు ఉండాలి. మీరూ బ్యాటు వైని 110 దగ్గర ఆపండి. శబ్దానికి చిన్న టిక్ చాలు. బుష్నెల్ జనం కేరింతలు కావాలన్నాడు గానీ, ఆల్కార్న్ సర్క్యూట్‌లో అప్పటికే ఉన్న సిగ్నళ్లతోనే టిక్కుమనిపించాడు.

బంతి ఎక్స్ 225 దాటితే ఎడమవాళ్లకు పాయింటు, -225 దాటితే కుడివాళ్లకు. ముందు 11 చేసినవాళ్లు గెలిచినట్టు.

పిల్లలు ఆడుతుండగా రాల్ఫ్ బేర్ పేరు కూడా తప్పకుండా చెప్పండి. టీవీ మీద టేబుల్ టెన్నిస్ ఆయన ముందే చేశాడు. మాగ్నవాక్స్ కంపెనీ టీవీ గేమ్ యంత్రం ఒడిస్సీలో ఉన్న ఆ ఆటను బుష్నెల్ 1972 మేలో ఒక ప్రదర్శనలో చూశాడు. తర్వాత మాగ్నవాక్స్ అటారీ మీద కేసు వేసింది, 1976లో రాజీ కుదిరింది. పాంగ్‌ను మెచ్చుకుంటూ బేర్‌ను వదిలేయడం న్యాయం కాదు.

మర్నాటికి కుడి బ్యాటు తీసేసి, ఆ చోట ఇటుకల వరుసలు పెట్టించండి. అటారీ 1976లో తెచ్చిన బ్రేకౌట్ అలా వచ్చిందే. జపాన్‌లో తొమొహిరో నిషికాడో బ్రేకౌట్ చూసే 1978లో స్పేస్ ఇన్వేడర్స్ అనే గేమ్ చేశాడు. ఒక ఇటుక గీసి, స్క్రాచ్‌లో నకళ్లు తీసే క్లోన్ బ్లాక్‌తో వరుసలు పేర్చండి. బంతి తగిలిన క్లోన్‌ను డిలీట్ చేయించి, డైరెక్షన్ మార్చే పని మాత్రం బంతి స్క్రిప్టులోనే పెట్టండి.