నెలనెలా కొంత ఇవ్వండి
పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అందుకే పన్ను లెక్కల కోసం నా దగ్గరికి వచ్చేవారితో, ఈ పిల్లల కోసం విరాళం ఒకేసారి కాకుండా నెలనెలా ఇమ్మంటాను. చికిత్సకు ఆరోగ్యశ్రీ ఉన్నా గది అద్దె, పాలు, గుడ్లు ఎవరిస్తారు? హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి గేటు దగ్గర ఒక తల్లి కొంగు ముడి విప్పి ఆటోకు చిల్లర లెక్కపెట్టుకోవడం చూశాను. సెయింట్ జూడ్ ఇండియా ఇలాంటి కుటుంబాలకు ఉచిత వసతి ఇస్తుంది. కడల్స్ ఫౌండేషన్ పిల్లల పోషకాహారం చూస్తుంది.

సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని ఖాతాకే పంపండి, వాట్సాప్‌లో తిరిగే ఫొటో కింది నంబరుకు వద్దు. పాన్ ఇచ్చి రసీదు తీసుకోండి. నగదు 2,000 రూపాయలు మించితే పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఎలాగూ లేదు. అయినా ఇవ్వండి.

డబ్బు కుదరకపోతే ప్లేట్‌లెట్లు ఇవ్వండి. అవి ఐదారు రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి, బ్లడ్ బ్యాంకుకు ముందుగా ఫోన్ చేసి ఎప్పుడు రావాలో అడిగి వెళ్లండి.