పరిశోధన ప్రాజెక్టు కార్యాలయం పనులు: రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో కొత్తగా చేరేవారికి

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, జయపురం, పర్లాఖెముండి పట్టణాల్లో చదువుకున్న తెలుగువారికి విదేశీ విశ్వవిద్యాలయాల పరిశోధన ప్రాజెక్టుల్లో దొరికే ఉద్యోగం సాధారణంగా ప్రాజెక్టు అసిస్టెంటు లేదా అడ్మిన్ అసిస్టెంటు పేరుతో ఉంటుంది. తెలుగు, ఒడియా ధారాళంగా మాట్లాడి, ఇంగ్లిషులో ఉత్తరం రాయగలిగి, ఇక్కడి గిరిజన భాషలైన కువి గానీ సవర గానీ కొంత అర్థమయ్యేవారికి ఇక్కడ ఈ పని త్వరగా పట్టుబడుతుంది. నియామక పత్రంలో ‘కార్యాలయ సహాయం’ అని రెండు మాటల్లో తేల్చేసినా, ఇందులో ముగ్గురికి జవాబుదారీగా ఉండాలి: డబ్బు ఇచ్చే సంస్థకు, మన ప్రభుత్వానికి, తన ఇంటి సంగతులు మనకు చెప్పిన గ్రామస్థుడికి. మొదటి ఇద్దరూ అడిగి మరీ లెక్క రాబట్టుకుంటారు, మూడో మనిషి అడగడు. అతను అడగకపోయినా అతనికి నష్టం రాకుండా కాగితాలు నడపడమే ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ముఖ్యమైన నేర్పు అని నేను నమ్ముతాను.

చేరిన మొదటి వారంలో గ్రాంటు ఒప్పందాన్ని, బడ్జెట్ పట్టికను, పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే నైతిక సమీక్ష కమిటీ ఇచ్చిన ఆమోద పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఏ ఖర్చు చెల్లుతుంది, దేనికి ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి, ఒక పద్దు నుంచి మరో పద్దుకు ఎంతవరకు మళ్లించవచ్చు, నివేదికలు ఏ తేదీకి వెళ్లాలి అన్న ప్రశ్నలకు జవాబులు వాటిలోనే ఉంటాయి. ఆ తేదీలన్నిటినీ ఒకే క్యాలెండరులోకి ఎక్కించాలి. మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిస్తే బ్రిటిష్ విశ్వవిద్యాలయాలది జులై 31తో ముగుస్తుంది కాబట్టి, ఒకే ఖర్చును రెండు రకాల సంవత్సరాల్లో చూపవలసి వస్తుంది. లెక్కలను నెలవారీగా మూసేసుకుంటూ పోయేవారికి ఇది ఇబ్బంది కాదు.

అదే క్యాలెండరులో ఊళ్ల తేదీలను కూడా వేయాలి. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా వానలకు వాగులు పొంగి కొండ ఊళ్లకు జీపులు వెళ్లవు, ఊళ్లో ఉన్నవారు కూడా నాట్ల పనిలో ఉంటారు. నవంబరు, డిసెంబరు నెలల్లో కోతలు, ఆ తరువాత గిరిజనుల పండుగ చైత్ర పర్వం. బుధవారం చాటికోన సంతకు నియమగిరి కొండల మీది డోంగ్రియా కోంద్ గిరిజనులు దిగి వస్తారు కనుక ఆ రోజు ఆ ఊళ్లలో సర్వే పెట్టుకుంటే తాళం వేసిన ఇళ్లే కనిపిస్తాయి. ప్రణాళిక వేసే శాస్త్రవేత్త వేల మైళ్ల దూరంలో ఉంటాడు, ఈ సంగతులు ఆయనకు ఎవరూ చెప్పకపోతే తెలియవు. అడగకముందే రాసి పంపడం మన బాధ్యత.

తరువాతి పని అనుమతులు. రాయగడ జిల్లా మొత్తం రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాలకు సంబంధించిన ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. పాత కోరాపుట్ జిల్లా నుంచి ఏర్పడిన కోరాపుట్, నబరంగ్‌పూర్, మల్కన్‌గిరి కూడా అంతే, గజపతి జిల్లాలో మాత్రం కొంత భాగమే వస్తుంది. కలెక్టరుకు రాసే ఉత్తరం ప్రతులు ఎస్పీకి, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారికి, సంబంధిత బ్లాకు అభివృద్ధి అధికారికి (బీడీఓ), తహసీల్దారుకు వెళ్లాలి. డోంగ్రియా గ్రామాలైతే చాటికోనలోని డోంగ్రియా కోంద్ అభివృద్ధి సంస్థకు కూడా పంపాలి. ఉత్తరం ఒడియాలోనూ ఇంగ్లిషులోనూ ఉండాలి. ఎవరు, ఏ ఊళ్లకు, ఏ తేదీల్లో వెళ్తారు, ఏమి అడుగుతారు, రక్త నమూనాలు తీస్తారా, ఫొటోలు తీస్తారా అన్నవి దాచకుండా రాసి, నైతిక కమిటీ ఆమోద పత్రాన్ని జతచేయాలి. ఇచ్చిన ప్రతి ఉత్తరానికీ మన కాపీ మీద కార్యాలయం ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోవాలి. గుమాస్తా ‘తరువాత రండి’ అంటే కూర్చుని వేయించుకుని రావడమే మంచిది, ఎందుకంటే బృందాన్ని దారిలో ఎవరైనా ఆపినప్పుడు చూపేది ఆ కాపీనే. సర్పంచినీ వార్డు మెంబరునూ స్వయంగా కలవాలి, ఫోను చేసి ఊరుకోకూడదు.

విదేశీ భాగస్వామ్యంతో జరిగే ఆరోగ్య పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి ద్వారా కేంద్ర స్థాయి పరిశీలన కూడా ఉంటుంది. ఆ దశ పూర్తయ్యే దాకా క్షేత్రపర్యటన తేదీలను ఎవరికీ ఖరారుగా చెప్పకూడదు. విదేశీ పరిశోధకులు వచ్చేటప్పుడు వారి వీసా పరిశోధనకు సరిపోయేదేనా అని టికెట్లు కొనకముందే చూడాలి, పర్యాటక వీసాతో సర్వే చేయడం కుదరదు. వారు దిగిన హోటలు 24 గంటల్లోపు వారి వివరాలను ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి, చేసిందో లేదో మనం అడిగి తెలుసుకోవాలి. చాలా మందికి భువనేశ్వర్ కంటే విశాఖపట్నం విమానాశ్రయమే అనుకూలం, అక్కడి నుంచి విజయనగరం, పార్వతీపురం మీదుగా రైల్లో రాయగడ చేరవచ్చు.

విదేశీ డబ్బు మన సంస్థకు విరాళంగా వస్తే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. గుణుపూర్‌లోని స్నేహపూర్వక సంస్థకు కొంత మొత్తం పంపి సర్వే చేయించుకుందామని పై నుంచి ఎవరైనా అంటే, వెంటనే ఆడిటరును అడిగి వారి జవాబును రాతలో తీసుకోవాలి. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అయితే ప్రధానంగా పరిశోధన లేదా శిక్షణ చేసే సంస్థల్లో క్షేత్ర సమాచారాన్ని సేకరించే, విశ్లేషించే వారి జీతాలు పరిపాలన ఖర్చు కిందికి రావు. అందుకే సర్వేయరు జీతం వోచరు మీద ‘సిబ్బంది జీతం’ అని కాకుండా ‘క్షేత్ర సమాచార సేకరణ’ అని, ఏ గ్రామాల్లో ఏ తేదీల్లో అన్నది కూడా రాయాలి. ఆ ఒక్క వరస రాయకపోతే ఏడాది చివర ఆ డబ్బు తప్పు పద్దులో పడుతుంది. వార్షిక నివేదికను ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోపు, అంటే డిసెంబరు 31 లోగా, దాఖలు చేయాలి.

వోచరు ఎలా ఉండాలో ఒక జీపు కిరాయితో చూద్దాం. రాయగడ నుంచి చాటికోన వెళ్లి వచ్చిన ప్రయాణానికి కాగితం మీద తేదీ, బయలుదేరిన సమయం, తిరిగి చేరిన సమయం, మీటరు రెండు రీడింగులు, ఎక్కినవారి పేర్లు, ప్రయాణ ప్రయోజనం, ప్రాజెక్టు కోడు, బడ్జెట్ పద్దు, డ్రైవరు సంతకం, ఆమోదించిన అధికారి సంతకం ఉండాలి. బండి పసుపు నంబరు ప్లేటుతో అద్దెకు తిరిగేదై ఉండాలి. ట్రావెల్స్ వారు ఇచ్చిన బిల్లులో జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్. పార్వతీపురం బండి మాట్లాడుకుంటే బిల్లు 37తో వస్తుంది, అది తప్పు కాదు కానీ, ఆ బండికి ఒడిశాలో తిరిగే పర్మిట్ ఉందా అన్న ప్రశ్న వస్తుంది కనుక దాని నకలును జతచేయాలి. ఒకే వ్యక్తికి ఒకే రోజు ₹10,000 దాటి నగదు ఇవ్వకూడదు, ఇస్తే ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఖర్చు చెల్లదు. ₹5,000 దాటిన రశీదు మీద ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. సంతలో టీ నీళ్లకు, పడవ దాటడానికి బిల్లు దొరకదు. అలాంటి చిల్లర ఖర్చుకు ఖర్చు చేసినవారు అదే రోజు సొంతంగా రాసి సంతకం పెట్టిన కాగితం చాలు, వారం తరువాత గుర్తుచేసుకుని రాసిన కాగితం పనికిరాదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది సర్వేలో పాల్గొన్నవారికి ఇచ్చే డబ్బు. కూలి పోగొట్టుకుని గంటసేపు కూర్చున్నందుకు వారికి ఇచ్చే మొత్తాన్ని నైతిక కమిటీ ముందే ఆమోదించి ఉంటుంది, దాన్ని పెంచడానికీ తగ్గించడానికీ మనకు అధికారం లేదు. ఇక్కడ రెండు నియమాలు ఎదురెదురుగా నిలబడతాయి. డబ్బు నిజంగా అందిందనడానికి ఆడిటరుకు పేరు, వేలిముద్ర కావాలి. ఎవరు ఏమి చెప్పారో బయటపడకూడదు కనుక పరిశోధకులు పేర్లకు బదులు కోడ్ నంబర్లు వాడతారు. పేరు, కోడు ఒకే కాగితం మీద పడ్డాయంటే ఆ గోప్యత అక్కడితో పోయినట్లే. కాబట్టి చెల్లింపు రిజిస్టరులో క్రమసంఖ్య, ఊరు, తేదీ, పేరు, మొత్తం, వేలిముద్ర మాత్రమే ఉండాలి, సర్వే కోడు ఎక్కడా రాయకూడదు, వరసలు కూడా సర్వే జరిగిన క్రమంలో ఉండకూడదు. అది లెక్కల బీరువాలో తాళం కింద ఉండాలి, కోడ్‌లకు పేర్లు కలిపే జాబితా మరొకరి దగ్గర, మరో చోట ఉండాలి. క్షయ గురించో, ఇంట్లో జరిగే హింస గురించో చేసే అధ్యయనమైతే రిజిస్టరు అట్ట మీద అంశం పేరు బదులు ప్రాజెక్టు కోడు మాత్రమే ఉండాలి, ఎందుకంటే డబ్బు తీసుకుంటున్నవారిని చూసి పక్కింటివారు విషయం ఊహించే ప్రమాదం నిజంగా ఉంది. చిన్న మొత్తానికి ఆధార్ నకలు అడగడం అనవసరం. అవసరమైనంత సమాచారమే తీసుకోవాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెప్పే మాట కూడా. ఇదంతా చాదస్తమని ఎవరైనా అన్నా పట్టించుకోకండి.

సర్వేలో పాల్గొనడానికి ఒప్పుకుంటూ సంతకం చేసే సమ్మతి పత్రాల విషయంలో ఒకే మాట: కమిటీ ఆమోదించిన వెర్షన్ నంబరు, తేదీ ఉన్న కాగితాన్నే ముద్రించాలి. ప్రశ్న ఒకటి మారినా కొత్త ఆమోదం వచ్చే దాకా పాతదే వాడాలి, వచ్చిన రోజున పాత ప్రతులన్నిటినీ వెనక్కు తెప్పించి లెక్కపెట్టి రద్దు చేయాలి. చదువు రానివారి వేలిముద్ర పక్కన, బృందానికి చెందని, చదువు వచ్చిన సాక్షి సంతకం ఉండాలి. ఒక ప్రతి వారికే ఇవ్వాలి. 18 ఏళ్లు నిండని పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతితోపాటు, ఏడేళ్లు దాటినవారైతే, ఆ పిల్లల ఒప్పుకోలు కూడా కావాలని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి.

సమావేశాల వేళలు వేసేటప్పుడు బ్రిటన్ గడియారం చలికాలంలో మనకంటే అయిదున్నర గంటలు, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా నాలుగున్నర గంటలు వెనక ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఆహ్వానంలో ఎప్పుడూ భారత సమయాన్ని కూడా రాయాలి. చెప్పుకున్న నిర్ణయాలను అదే రోజు మెయిలులో నాలుగు వాక్యాల్లో పంపాలి.

ముగింపు పనులను ప్రాజెక్టు ముగియడానికి మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. మిగిలిన డబ్బు ఎంతో చూసి, గడువు పెంపు కావాలంటే అప్పుడే అడగాలి, చివరి వారంలో అడిగితే ఒప్పుకోరు. బాకీ ఉన్న అడ్వాన్సులు తీర్చాలి, ఆస్తుల జాబితా ప్రకారం ట్యాబ్‌లు వెనక్కు తీసుకుని, సమాచారం సర్వర్‌కు చేరిందని రాతలో ధ్రువీకరణ వచ్చాకే వాటిలో ఉన్నదాన్ని చెరపాలి. ఒప్పందం చెప్పినన్ని ఏళ్లు దాచవలసిన పెట్టెల మీద లోపల ఏమున్నదో, ఏ తేదీన తీసివేయవచ్చో రాయాలి. ఫలితాలను ఊళ్లకు తిరిగి చెప్పే పర్యటనకు జీపు, భోజనం, ఒడియా కరపత్రాల ముద్రణ ఖర్చులను మొదటి బడ్జెట్‌లోనే పెట్టించకపోతే అప్పటికి ఆ పద్దులో డబ్బు ఉండదు కాబట్టి, ఈ వరస చేరిన మొదటి వారంలోనే బడ్జెట్ పట్టికలో ఉందో లేదో చూడండి.